గీతలు నిండుగా ఉన్నా క్లాసు ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పదో తరగతి పిల్లలు పన్నెండు మందికి ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతున్నాను. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఫైబర్ లైను మా వీధిదాకా రాలేదు. సిమ్ వేసుకునే 4జీ హాట్‌స్పాట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని ల్యాప్‌టాప్‌కు వైఫైతో కలిపాను. రోజుకు 2 జీబీ ప్యాక్. ఉదయం 10 గంటల క్లాసు మొదలయ్యేలోపే సగం డేటా అయిపోయినట్టు యాప్‌లో చూపిస్తోంది. మా అబ్బాయి ట్యాబ్ మీద అనుమానంతో దాన్ని బీరువాలో పెట్టేశాను, అయినా అంతే. హాట్‌స్పాట్ మీద సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి. పిల్లల మాటలు నాకు బాగానే వినపడతాయి, నా గొంతే వాళ్ళకు ముక్కలు ముక్కలుగా వెళుతోందట. పైగా పరికరం రోజంతా చార్జింగ్‌లోనే ఉంటుంది, పట్టుకుంటే వేడిగా తగులుతోంది. పక్కింటివాళ్ళు అడిగితే పాస్‌వర్డ్ కూడా ఇచ్చాను. అసలు దీన్ని కంప్యూటర్‌తో ఎలా అమర్చుకోవాలో చెప్పండి.
ఒక పాఠకురాలు, కోనసీమ జిల్లా

సమాధానం: ముందు మీ అబ్బాయి ట్యాబ్ వాడికి ఇచ్చేయండి. మీరు రాసిన లక్షణాలు చూస్తే డేటా తినేస్తున్నది అది కాదు. ఎక్కువగా మీ ల్యాప్‌టాప్, దాని తర్వాత పక్కింటి ఫోన్లు. మీ గొంతు తెగిపోవడానికి కారణం వేరు, పరికరం వేడెక్కడానికి కారణం మళ్ళీ వేరు. మూడూ ఒకే పెట్టెలోంచి వస్తున్నాయి కాబట్టి ఒకే జబ్బులా కనిపిస్తున్నాయి. విడదీసి చూస్తే మూడూ ఇంట్లో సరిచేసుకోగలిగినవే. కొత్తగా కొనాల్సి వస్తే ఒక మంచి యూఎస్‌బీ కేబులు, అంతే.

డేటా సంగతి ముందు చూద్దాం. వైఫై దొరికిందంటే విండోస్ దృష్టిలో అది ఇంటి బ్రాడ్‌బ్యాండే. ఆ వైఫై వెనక ఫైబర్ ఉందో, రోజుకు 2 జీబీల సిమ్ ఉందో దానికి తెలియదు. అందుకే మీరు ల్యాప్‌టాప్ మూత తెరవగానే విండోస్ అప్‌డేట్లు, స్టోర్ యాప్‌ల అప్‌డేట్లు, మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లోకి ఫైళ్ళ సింక్ అన్నీ వెనకాల మొదలైపోతాయి. తెరమీద ఏమీ కనపడదు. మీరు పాఠం సర్దుకుంటూ ఉంటారు, గంటలో ఒక జీబీ కరిగిపోతుంది.

దీనికి మందు విండోస్‌లోనే ఉంది. పేరు మీటర్డ్ కనెక్షన్, అంటే కొలిచి వాడుకోవాల్సిన నెట్ అని విండోస్‌కు చెప్పడం. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో మీ హాట్‌స్పాట్ పేరు ఉన్న ప్రాపర్టీస్‌లోకి వెళ్ళండి. కిందికి జరుపుతూ వెళితే మీటర్డ్ కనెక్షన్ అనే మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేయండి. విండోస్ 10లోనూ ఇదే దారి, తెర కొంచెం వేరుగా ఉంటుంది. ఆ మీట ఆన్ అయ్యాక, తప్పనిసరి అనుకున్న కొన్ని తప్ప, పెద్ద అప్‌డేట్లు వాటంతటవి దిగవు. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో మీటర్డ్ నెట్‌వర్క్ మీద సింక్ ఆపే మీట విడిగా ఉంటుంది, అదీ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటి ఉంది. విండోస్ ఈ గుర్తును ఒక్కో నెట్‌వర్క్ పేరుకు విడివిడిగా పెట్టుకుంటుంది. రేపు మీరు హాట్‌స్పాట్ పేరు మార్చారనుకోండి, విండోస్‌కు అది కొత్త నెట్‌వర్క్. పాత గుర్తు పోయినట్టే. అలాగే కేబులుతో కలిపినప్పుడు అది వైఫై జాబితాలో కాక ఈథర్‌నెట్ అనే శీర్షిక కింద కనిపిస్తుంది. అక్కడా విడిగా మీటర్డ్ ఆన్ చేయాలి. వైఫైకి పెట్టాం కదా అని ఊరుకుంటే, కేబులు గుచ్చిన రోజే డేటా అంతా పోతుంది.

మీటర్డ్ పెట్టేశాం కదా అని అప్‌డేట్లు పూర్తిగా మానేయకండి. భద్రతకు సంబంధించినవి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది, అమెరికా సమయం కాబట్టి మనకు రాత్రి అవుతుంది. చాలా ప్యాక్‌లలో రోజువారీ కోటా అర్ధరాత్రి 12 గంటలకు కొత్తగా మొదలవుతుంది. అంటే రాత్రి పదిన్నరకు మీ కోటాలో ఏ 600 ఎంబీయో మిగిలి ఉంటే అది ఎలాగూ మురిగిపోయేదే. ఆ సమయంలో విండోస్ అప్‌డేట్ పేజీకి వెళ్ళి మీ చేతులతో మీరే డౌన్‌లోడ్ నొక్కండి. ఒక రాత్రికి పూర్తికాకపోతే మర్నాడు రాత్రి కొనసాగించండి. ఒకవేళ మీది విండోస్ 10 అయితే, దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ల్యాప్‌టాప్ ఒప్పుకుంటే 11కు మారడం మంచిది, కానీ ఆ మార్పు కొన్ని జీబీల పని. ఊళ్ళో ఎవరిదైనా ఫైబర్ ఉన్న ఇంట్లో కూర్చుని చేసుకోండి, ఈ సిమ్ మీద వద్దు.

ఇంకా అనుమానం ఉంటే దొంగను కళ్ళారా చూడొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. నెట్‌వర్క్ అనే నిలువు వరుస పేరు మీద ఒకసారి నొక్కితే, ఈ క్షణంలో ఎక్కువ డేటా లాగుతున్న ప్రోగ్రాం పైకి వస్తుంది. గడిచిన 30 రోజుల లెక్క కావాలంటే సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ పేజీలో ఏ యాప్ ఎంత తిన్నదో వరసగా ఉంటుంది. అక్కడే పరిమితి కూడా పెట్టుకోవచ్చు. ఒక్క మాట, మీటర్డ్ మీట విండోస్ సొంత పనులను ఆపుతుంది కానీ అన్ని బయటి ప్రోగ్రాములనూ ఆపలేదు. యాంటీవైరస్‌లు, ఆటల ప్రోగ్రాములు దాని మాట వినకపోవచ్చు. డేటా యూసేజ్‌లో అలాంటి పేరు కనిపిస్తే, ఆ ప్రోగ్రాం సొంత సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటోమేటిక్ అప్‌డేట్ తీసేయండి.

ఫోన్లూ అంతే. మీ హాట్‌స్పాట్‌కు కలిసిన ప్రతి ఫోనూ వైఫై దొరికింది అనుకుని ఫోటోలన్నీ గూగుల్ ఫోటోస్‌కు ఎక్కిస్తుంది, యాప్‌లు అప్‌డేట్ చేసుకుంటుంది, వాట్సాప్ వీడియోలు దించుకుంటుంది. పక్కింట్లో పెళ్ళయిన మర్నాడు మీ 2 జీబీ ఏమైందో ఊహించుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న పళ్ళ చక్రం గుర్తు నొక్కి, నెట్‌వర్క్ యూసేజ్‌లో ట్రీట్ యాజ్ మీటర్డ్ ఎంచుకోవాలి. మీ ఫోనుకూ, అబ్బాయి ట్యాబ్‌కూ ఇది చేసి పెట్టండి.

ఇప్పుడు అసలు లెక్క. మీరు లెక్కల టీచరు కాబట్టి ఇది మీకు సులువు. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున గంటసేపు పారితే 3,600 మెగాబిట్లు. 8తో భాగిస్తే 450 ఎంబీ. ఈ 450 అనే అంకె గుర్తుంటే ఏ క్లాసుకు ఎంత ఖర్చో మీరే చెప్పేయగలరు. మీ వీడియో సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వెళుతూ, పన్నెండు మంది పిల్లల వీడియోలూ కలిపి ఒకటిన్నర మెగాబిట్ చొప్పున వస్తున్నాయనుకుందాం. మొత్తం రెండున్నర. రెండున్నర ఇంటూ 450 అంటే గంటకు 1,125 ఎంబీ. రెండు క్లాసులకు 2,250. అంటే విండోస్ ఒక్క చుక్క కూడా ముట్టుకోకపోయినా మీ 2 జీబీ సాయంత్రం క్లాసు చివర్లో అయిపోతుంది. అయిపోయాక చాలా ప్యాక్‌లలో వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఆ వేగంలో వీడియో సంగతి అటుంచి గొంతు కూడా నిలవదు.

కాబట్టి క్లాసునే కొంచెం పలచన చేయాలి. పిల్లల కెమెరాలు ఆపించండి, హాజరు పిలిచేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆన్ చేయించండి. మీ వీడియో సెట్టింగ్స్‌లో హెచ్‌డీ టిక్కు తీసేయండి. లెక్క చేసి చూపించేటప్పుడు మీ ముఖం అక్కర్లేదు, కెమెరా ఆపి తెల్లబోర్డు తెర మాత్రం షేర్ చేయండి. కదలని తెరకు డేటా చాలా తక్కువ పడుతుంది, గీత గీసినప్పుడే కొత్తగా పంపాలి. గొంతుకు రెండు వైపులా కలిపి సెకనుకు సుమారు 100 కిలోబిట్లు వేసుకున్నా గంటకు 45 ఎంబీనే. ఇలా చేస్తే మీ రెండు క్లాసులూ కలిపి ఒక జీబీలోపే వచ్చేస్తాయి.

ప్యాక్ గురించి ఒక హెచ్చరిక. ఇప్పుడు చాలా ప్లాన్‌ల మీద అపరిమిత 5జీ అని ఉంటుంది. అది 5జీ సిగ్నల్ మీద, 5జీ పరికరంలో వాడినప్పుడే. మీ హాట్‌స్పాట్ 4జీది, కాబట్టి సిమ్‌కు ఆ ప్లాన్ ఉన్నా మీకు దొరికేది రోజువారీ 4జీ కోటా మాత్రమే. దుకాణంలో ఎవరైనా ఇది వేయించుకోండి, ఎంతైనా వాడుకోవచ్చు అంటే ఈ సంగతి అడగండి.

ఇక సెకండ్ హ్యాండ్ పరికరం కొన్నారు కాబట్టి అమరిక మొదటినుంచి చేసుకోవడమే క్షేమం. పాతవాళ్ళు ఏ పేరు, ఏ సెట్టింగ్, ఏ పాస్‌వర్డ్ పెట్టారో మీకు తెలియదు. పరికరం ఆన్‌లో ఉండగా రీసెట్ రంధ్రంలో పిన్నీసుతో 10 సెకన్లు నొక్కి పట్టుకోండి, లైట్లు ఆరి మళ్ళీ వెలుగుతాయి. ఇప్పుడది కొత్తదానితో సమానం. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెట్టింగ్స్ పేజీ చిరునామా బ్యాటరీ కింద అంటించిన స్టిక్కర్ మీద ఉంటాయి. ఆ స్టిక్కర్‌ను ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, వేడికి కొన్నాళ్ళకు అక్షరాలు చెరిగిపోతాయి.

సెట్టింగ్స్ పేజీ చిరునామా కంపెనీని బట్టి మారుతుంది. జియోఫై అయితే 192.168.1.1, హువావే అయితే 192.168.8.1, టీపీ లింక్ అయితే 192.168.0.1. బ్రౌజర్‌లో పైన చిరునామా పట్టీలో ఈ అంకెలు కొడితే లాగిన్ పేజీ వస్తుంది. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, రీఛార్జ్ అయిపోయినా ఈ పేజీ తెరుచుకుంటుంది. లోపలికి వెళ్ళగానే చేయాల్సిన మొదటి పని, ఆ పేజీ లాగిన్ పాస్‌వర్డ్ మార్చడం. రీసెట్ చేశాక వచ్చే పాస్‌వర్డ్ ఆ మోడల్ కొన్న అందరికీ ఒకటే, ఇంటర్నెట్‌లో వెతికితే ఎవరికైనా దొరుకుతుంది. వైఫై పాస్‌వర్డ్ ఎంత గట్టిగా పెట్టినా ఇది మార్చకపోతే, ఒకసారి లోపలికి వచ్చినవాళ్ళు అన్నీ మార్చేయగలరు. తర్వాత భద్రత వరుసలో వైఫైకి తాళం లాంటి డబ్ల్యూపీఏ2 ఎంచుకుని, కనీసం 12 అక్షరాల వైఫై పాస్‌వర్డ్ పెట్టండి. పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ అని ఉంటే ఆపేయండి.

సిమ్ పెట్టేటప్పుడు కొంచెం జాగ్రత్త. కొన్ని పరికరాల్లో గాడి పెద్ద సిమ్‌కు చేసినది. చిన్న సిమ్‌ను ప్లాస్టిక్ చట్రంలో అమర్చి పెట్టాలి. ఖాళీ చట్రం ఒక్కదాన్నే తోస్తే లోపలి సన్నటి పిన్నులు దానికి చిక్కుకుని వంగిపోతాయి, అక్కడితో పరికరం పని అయిపోతుంది. సిమ్‌కు పిన్ లాక్ ఉంటే ముందు ఫోన్‌లో వేసి తీసేయండి. సిమ్ పెట్టినా నెట్ రాకపోతే సెట్టింగ్స్ పేజీలో ఏపీఎన్ చూడండి, అది సిమ్ కంపెనీ నెట్‌కు దారి చూపే పేరు. జియోకు జియోనెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్, బీఎస్‌ఎన్‌ఎల్‌కు బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్. అన్నీ ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. జియోఫైలో జియో సిమ్ మాత్రమే పనిచేస్తుంది. వేరే కంపెనీ సిమ్ పెట్టి ఏపీఎన్‌లు మారుస్తూ కూర్చుంటే లాభం లేదు. ఎప్పుడైనా బీఎస్‌ఎన్‌ఎల్‌కు మారాలనుకుంటే, వాళ్ళ 4జీ 700 మెగాహెర్ట్జ్‌లో కూడా వస్తుంది, దాన్ని బ్యాండ్ 28 అంటారు. పాత హాట్‌స్పాట్లలో చాలావాటికి ఆ బ్యాండ్ అందదు. సిమ్ కొనకముందే మీ మోడల్ వివరాల్లో 28 ఉందో లేదో చూసుకోండి.

ఇంకో చిన్న విషయం. ఆ సిమ్ నంబరుకు వచ్చే ఓటీపీలు, రీఛార్జ్ సందేశాలు హాట్‌స్పాట్‌లోనే ఉండిపోతాయి. సెట్టింగ్స్ పేజీలో ఎస్‌ఎంఎస్ అనే చోట చదవొచ్చు. ఆ నంబరును బ్యాంకు ఖాతాకు మాత్రం కలపకండి.

మీ గొంతు సంగతికి వద్దాం, మీ ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువ ఆపింది అదే. హాట్‌స్పాట్‌కు రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి టవర్ వైపు, ఒకటి మీ ల్యాప్‌టాప్ వైపు. తెగుతున్నది ఎటువైపో తెలియకుండా ఏది మార్చినా చీకట్లో తడుముకోవడమే. తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అలాంటివి రెండు తెరిచి పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదాంట్లో పింగ్ అని ఇంగ్లిషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి మీ హాట్‌స్పాట్ చిరునామా, మళ్ళీ ఒక ఖాళీ వదిలి అడ్డగీత, దాన్ని ఆనించి టీ అక్షరం కొట్టండి. రెండోదాంట్లో ఆ చిరునామా బదులు 8.8.8.8, అది బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వరు. ఎంటర్ నొక్కితే రెండింట్లోనూ సెకనుకో వరుస చొప్పున పైకి పాకుతుంటాయి. ప్రతి వరుసలో టైమ్ అనే మాట పక్కన ఉన్న అంకెను చూడండి, అది మిల్లీసెకన్లలో.

ఎడమ కిటికీలో 3, 4, 3, 6, 4 అని వస్తూ, కుడి కిటికీలో 58, 64, 61, 640, ఆపైన రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, మళ్ళీ 71 అని వస్తుంటే మీ వైఫై చక్కగా ఉంది, తేడా టవర్ వైపు. ఎడమ కిటికీలోనే 200, 350 కనిపిస్తుంటే టవర్‌ను అనడానికి లేదు, హాట్‌స్పాట్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్యనే ఏదో అడ్డుపడుతోంది. క్లాసు జరుగుతుండగా ఒకసారి, క్లాసు లేనప్పుడు ఒకసారి చూడండి. ఆపడానికి కంట్రోల్, సీ కలిపి నొక్కాలి.

మీరు చెప్పిన గుర్తును బట్టి మేము టవర్ వైపే అనుకుంటున్నాం. కారణం చెబుతాం. టవర్ బలంగా అరుస్తుంది, మీ హాట్‌స్పాట్ మాత్రం మెల్లగా బదులిస్తుంది. మామూలు 4జీ పరికరం గాల్లోకి పంపగలిగే శక్తి ఎక్కువలో ఎక్కువ 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. సిగ్నల్ బలహీనపడే చోట ముందు కుంటుపడేది అప్‌లోడే. అందుకే పిల్లల మాట మీకు వస్తుంది, మీ మాట వాళ్ళకు చేరదు. గీతలు చూపించేది టవర్ గొంతు ఎంత గట్టిగా వినపడుతోందో అంతవరకే. మీ గొంతు అక్కడిదాకా వెళ్ళిందా, ఆ టవర్ మీద ఇంకెంతమంది ఉన్నారు అన్నది గీతల్లో ఉండదు. సాయంత్రం క్లాసు ఉదయం క్లాసు కంటే అధ్వానంగా ఉంటోందా చూడండి. ఉంటే జనం రద్దీ కూడా తోడైనట్టే.

గీతలను వదిలేసి రెండు అంకెలు చూడండి. సెట్టింగ్స్ పేజీలో నెట్‌వర్క్ లేదా ఎల్‌టీఈ స్టేటస్ అనే చోట ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ అని ఉంటాయి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ సిగ్నల్ బలం, మైనస్‌లో ఉంటుంది. మైనస్ 80 అయితే చాలా బాగున్నట్టు, మైనస్ 100 ఓ మోస్తరు, మైనస్ 110 దాటితే కష్టం. ఎస్‌ఐఎన్‌ఆర్ అంటే గోలలోంచి మాట ఎంత తేటగా వినపడుతోందో చెప్పే అంకె. 20 దాటితే హాయి, 13 పైన ఉంటే క్లాసుకు దిగులు లేదు, 0 దగ్గరకు వస్తే గీతలు ఎన్ని ఉన్నా లాభం లేదు. మా అనుభవంలో వీడియో క్లాసులకు మొదటిదానికన్నా ఈ రెండోదే ముఖ్యం.

ఇప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుని ఇల్లంతా తిరగండి. కిటికీ గూట్లో, వసారా చూరు కింద, మేడ మెట్ల మీద, ఎక్కడ పెట్టినా ఒక నిమిషం ఆగి రెండు అంకెలూ రాసుకోండి. వెంటనే చూస్తే పాత అంకెలే ఉంటాయి. కొంచెం జరిపితే తేడా ఏముంటుందిలే అనుకోకండి, 2300 మెగాహెర్ట్జ్ అల పొడవు 13 సెంటీమీటర్లు మాత్రమే, కాబట్టి బెత్తెడు జరిపినా అంకె మారుతుంది. స్టీలు బీరువా, ఫ్రిజ్, రేకుల కప్పు ఇవన్నీ సిగ్నల్‌కు గోడలే. మీ ప్రాంతంలో ఇంకొకటి ఉంది, ఇంటి చుట్టూ కొబ్బరితోట. ఆకుల్లో నీరు ఉంటుంది, నీరు సిగ్నల్‌ను మింగేస్తుంది. వాన వెలిసిన వెంటనే తడిసిన మట్టల మధ్య 2300 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఇంకా పడిపోతుంది. 850 లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ చెట్లను బాగా దాటుకుని వస్తుంది, కాకపోతే దాని వేగం తక్కువ. కొన్ని పరికరాల్లో బ్యాండ్ ఎంచుకునే అవకాశం ఉంటుంది. ఉంటే బ్యాండ్ 40 (అదే 2300) మీద ఒక రోజు, బ్యాండ్ 5 (అదే 850) మీద ఒక రోజు క్లాసు చెప్పి చూడండి. వేగం తక్కువైనా తెగకుండా ఉన్నదే మీకు కావాల్సింది.

మంచి చోటు దొరికాక హాట్‌స్పాట్‌ను అక్కడే ఉంచండి, మీరు దాని దగ్గరకు వెళ్ళనక్కర్లేదు. వైఫై ఒక గది దాటి సులువుగా వస్తుంది, టవర్ సిగ్నలే గోడ దాటలేక ఇబ్బంది పడేది. టేబుల్ మీద ల్యాప్‌టాప్ పక్కన అందంగా పెట్టుకోవాలన్న కోరికే చాలా ఇళ్ళలో నెట్‌ను పాడుచేస్తోంది.

కిటికీ మీ కుర్చీకి దగ్గరే అయితే మాత్రం కేబులు మేలు. యూఎస్‌బీతో కలిపితే హాట్‌స్పాట్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య వైఫైలో వచ్చే అడ్డే ఉండదు. ఇక్కడ కేబులు ఎంపికే కీలకం. చార్జింగ్‌కు మాత్రమే చేసిన చవక కేబుల్లో రెండే తీగలు ఉంటాయి, దాంతో లైటు వెలుగుతుంది గానీ నెట్ రాదు. డేటా వెళ్ళే కేబుల్లో నాలుగు తీగలు ఉంటాయి. మీ ఫోన్‌లోంచి ఫోటోలు ల్యాప్‌టాప్‌లోకి దించడానికి ఏ కేబులు పనికొస్తుందో అది తీసుకోండి. పొడవు 5 మీటర్లు దాటకూడదు, యూఎస్‌బీ 2కు అది గరిష్ఠ హద్దు. సన్నటి పొడుగు కేబుళ్ళలో అంతకన్నా ముందే కరెంటు తగ్గిపోతుంది. గుచ్చిన అర నిమిషంలో నెట్‌వర్క్ జాబితాలో ఈథర్‌నెట్ కనిపించాలి. దానికి బదులు కొత్త సీడీ డ్రైవ్ ఒకటి కనిపిస్తే, అది తెరిచి లోపలి ఇన్‌స్టాలర్ నడపండి. డ్రైవర్లు అందులోనే ఉంటాయి. మధ్యమధ్యలో తెగి మళ్ళీ కలుస్తుంటే పోర్టు మార్చి చూడండి. యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీఆంపియర్లు, సిగ్నల్ సన్నగా ఉన్నచోట పరికరం అంతకన్నా ఎక్కువ లాగబోతుంది. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు 900 ఇస్తుంది. అయితే యూఎస్‌బీ 3 నుంచి వచ్చే గోల 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెదరగొడుతుందని ఇంటెల్ 2012లోనే పరీక్షించి చెప్పింది. వైఫై మీద ఉండగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గుచ్చగానే నెట్ నెమ్మదిస్తే కారణం అదే, డిస్కును దూరంగా జరపండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ కూడా అదే 2.4 మీద పనిచేస్తుంది. క్లాసుకు తీగ ఉన్న హెడ్‌సెట్ వాడండి.

వేడి గురించి అశ్రద్ధ చేయకండి. లిథియం బ్యాటరీని నిండుగా ఉంచి, వేడిలో ఉంచి, ఇరవైనాలుగు గంటలూ చార్జర్‌కు తగిలిస్తే అది త్వరగా ముసలిదవుతుంది, చివరికి ఉబ్బుతుంది. ఈ రోజే వెనక మూత తీసి బ్యాటరీని చదునైన బల్ల మీద పెట్టి వేలితో తిప్పి చూడండి. చదునుగా ఆనితే సరే. బొంగరంలా గిర్రున తిరిగితే ఉబ్బినట్టే. అప్పుడిక దాన్ని వాడొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. చెత్తబుట్టలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇచ్చి, అదే మోడల్ బ్యాటరీ కొత్తది కొనండి. బాగుంటే రాత్రి చార్జింగ్ చేసుకుని, పగలు తీసేసి వాడండి. 20 శాతానికి తగ్గితే మళ్ళీ పెట్టండి. మామూలు 5 వోల్టుల, 1 లేదా 2 ఆంపియర్ల అడాప్టర్ చాలు. కిటికీలో మధ్యాహ్నం ఎండ నేరుగా పడే చోటైతే, ఆ వేళకు నీడకు జరపండి. మే నెలలో అద్దం వెనక అది చేతికి కాలుతుంది.

కరెంటు పోయే ఊళ్ళో ఒక పవర్ బ్యాంక్ తోడుంటే నిశ్చింత. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది 3.7 వోల్టుల దగ్గర లెక్క, అంటే 37 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది పోగా 30 మిగిలినా, హాట్‌స్పాట్ రెండున్నర వాట్లు వాడుకుంటే 12 గంటలు నడుస్తుంది. కరెంటు పోయినప్పుడు అసలు సమస్య మీ ల్యాప్‌టాప్ బ్యాటరీయే, హాట్‌స్పాట్ కాదు.

పక్కింటివాళ్ళ విషయం సున్నితమైనదని తెలుసు. అయినా పాస్‌వర్డ్ మార్చక తప్పదు. ఆ సిమ్ మీ పేరున ఉంది, దాని మీద ఎవరు ఏం చేసినా ముందు అడిగేది మిమ్మల్నే. సెట్టింగ్స్ పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితా ఉంటుంది, మీవి ఎన్నో లెక్కపెట్టి, గరిష్ఠ సంఖ్య అనే చోట అంతే పెట్టండి. ప్రతి ఫోనుకూ ఉండే గుర్తింపు సంఖ్య, అంటే మ్యాక్ అడ్రస్ చూసి ఫలానా ఫోన్‌ను ఆపుదామనుకుంటే కుదరకపోవచ్చు, కొత్త ఫోన్లు వైఫైలో అసలు అడ్రస్ బదులు వేరేది చూపిస్తాయి. ఆ ఇంటి పిల్ల మీ దగ్గరే లెక్కలు నేర్చుకుంటూ ఉంటే, క్లాసు వేళకు మీ గదిలోనే కూర్చోబెట్టుకోండి. వాళ్ళకు నెట్ అవసరం ఉండదు, పిల్లకు పాఠం ఇంకా బాగా అందుతుంది.

క్లాసు మధ్యలో అన్నీ చేయిచ్చే రోజు కోసం మీ ఫోన్‌ను సిద్ధంగా ఉంచుకోండి. వీలైతే అందులో వేరే కంపెనీ సిమ్ ఉండాలి, ఒకే టవర్ మీద రెండూ ఆధారపడితే ప్రయోజనం లేదు. ఫోన్‌ను కేబులుతో ల్యాప్‌టాప్‌కు గుచ్చి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే అర నిమిషంలో మళ్ళీ క్లాసులో ఉంటారు, ఫోన్ చార్జింగూ తగ్గదు. దీనికీ ఈథర్‌నెట్ కింద విడిగా మీటర్డ్ పెట్టుకోవాలి, క్లాసు లేని రోజు ఒకసారి కలిపి పెట్టేయండి. ఇంట్లో వైఫై లేని డెస్క్‌టాప్ ఏదైనా ఉంటే దానికీ ఈ కేబులు పద్ధతే దారి.

ఇవి చేసి వారం రోజులు చూశాక కూడా గొంతు తెగుతుంటే మళ్ళీ రాయండి. కిటికీ దగ్గర ఉదయం, సాయంత్రం క్లాసు వేళల్లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ ఎంతెంత ఉన్నాయో, రెండు నల్ల కిటికీల్లో ఏ అంకెలు వచ్చాయో, పరికరం మోడల్ ఏదో రాయడం మరచిపోకండి. మోడల్ పేరు బ్యాటరీ కింద అదే స్టిక్కర్ మీద ఉంటుంది.